శాలువా కింద మూడు కాళ్లు

కలకత్తా శ్యాంబజార్ ఛాయాచిత్ర సమితిలో ఎవరైనా ట్రైపాడ్ మాట ఎత్తితే చాలు, అఖిలబంధు సమద్దార్‌కి నోరు ఊరుకునేది కాదు. "చేతుల్లో సత్తా లేనివాళ్లకి కదయ్యా కాళ్లు కావలసింది!" అనేవాడు. చలికాలం పొద్దున్నే పక్షుల కోసం బయల్దేరిన సభ్యులు మూడు కాళ్ల సామాను భుజానేసుకుని రొప్పుతూ నడుస్తుంటే, ఆయన మూరెడు లెన్సును చంటిబిడ్డలా చంకన పెట్టుకుని ముందు నడిచేవాడు. నడిచి ఊరుకుంటే బాగానే ఉండును. వెనక్కి తిరిగి, "రండి రండి, ముక్కాలి పీటల వారూ!" అని పిలిచేవాడు కూడా.

ఆ పిలుపు ఎక్కువగా తగిలేది సమితి కార్యదర్శి శీతాంశు బాగ్చీకి. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ట్రైపాడ్ లేకుండా ఇంటి గుమ్మం దిగడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే వీధి, ఒకే టీ కొట్టు. ఫుట్‌బాల్ జట్టు దగ్గర్నించి పులస చేప దాకా ఏ విషయంలోనూ ఒకటే మాట మీద నిలబడ్డ పాపాన పోలేదు.

సమితి ఏటా ఒక ప్రదర్శన పెడుతుంది. గోడకెక్కిన ప్రతి బొమ్మ కిందా తీసినవారి పేరు, కెమెరా, లెన్సు, ఆ కెమెరాను దేని మీద నిలిపి తీశారన్న సంగతీ రాయాలని పాతకాలం నాటి పెద్దలు పెట్టిన ఆచారం ఒకటుంది. అందరూ ట్రైపాడ్ పేరూ, దాని మీద బిగించే హెడ్ పేరూ బుద్ధిగా రాసేవారు. అఖిల్ బాబు మాత్రం "నా చేతుల మీద" అని రాసి, చూసేవాళ్లకి కనబడకపోతుందేమోనని దాని కింద గీత కూడా గీసేవాడు.

ఆ చేతులే ఇప్పుడు వణుకుతున్నాయి. ఊరికే కూర్చుంటే ఏమీ లేదు. చెంచా పట్టుకుంటే చెంచా, కప్పు పట్టుకుంటే కప్పు దరువు వేస్తాయి. ప్రాణానికి భయమేమీ లేదని, అలవాటు చేసుకోమని డాక్టరు చెప్పాడు. వణికే చేత్తో కప్పు పట్టుకోవడం అలవాటు చేసుకోవచ్చు గాని, మూరెడు లెన్సుతో నీళ్ల అవతలున్న పిట్టను పట్టడం ఎలా అలవాటవుతుంది? నిరుడూ అంతకు ముందేడూ ఆయన పంపిన కొంగలకు ఒక్కొక్క దానికి రెండేసి ముక్కులు వచ్చాయి. రెండేళ్లూ గోడ మీద ఆయన బొమ్మ లేదు.

మూడో ఏడు కూడా గోడ ఖాళీగా ఉంటే ఆ సభ్యుణ్ణి సమితి "సలహాదారు"ను చేస్తుంది. సలహాదారంటే ముందు వరసలో కుర్చీ, జేబుకో గులాబీ, పక్షుల యాత్రకు మాత్రం ఇంటి దగ్గరే సెలవు. దండ వెయ్యకుండా గోడకెక్కించడమన్నమాట. అఖిల్ బాబుకు ప్రాణం ఉన్నదే ఆ చలికాలపు యాత్రల్లో. కొలువులో ఉన్నన్నాళ్లూ ట్రాం డిపోలో ఇనుప చప్పుడు విని విని, ఆదివారం వచ్చిందంటే నీటిగట్టుకు పారిపోయిన మనిషి. ఆ దారి మూసేస్తే ఇక మిగిలేది అరుగు మీద పేపరే.

"ట్రైపాడ్ కొనండి," అంది భార్య సులేఖ, బఠానీలు ఒలుస్తూ.

"ఎవరు? నేనా? శీతాంశు చూశాడంటే ఊరంతా రసగుల్లాలు పంచుతాడు!"

"పంచితే మనకీ రెండు వస్తాయి. తింటాం."

"నీకు వేళాకోళంగా ఉంది."

"ఇన్నేళ్లు మీరు చేసిన వేళాకోళం ముందు నాదెంత? అయినా ఎవరూ చూడకుండా వాడే ఉపాయం లేకపోలేదు," అని ఆమె బీరువా తీసి, ఏటా చలికాలంలో మూట నెత్తిన పెట్టుకుని వచ్చే కాశ్మీరీ శాలువాల ఆయన దగ్గర కొన్న గోధుమరంగు శాలువా తీసింది. దుప్పటంత వెడల్పు. మొగుడి నెత్తిన పడేసింది. మొగుడూ, పక్కనున్న ముక్కాలి పీటా కలిసి మాయమైపోయారు.

ఈ ఉపాయం మరో ఊళ్లో అయితే పారేది కాదు. కార్తీకం దాటిందంటే కలకత్తా పెద్దమనుషులకు ముక్కు తప్ప మరేదీ బయటికి కనబడదు. మొహం మేర తెరిచి మెడదాకా దిగే కోతిటోపీ, మఫ్లరు, దాని మీద శాలువా. అంత చలేం ఉండదు గాని, చలి చేసిందని ఒప్పుకోవడంలో వాళ్లకో ఆనందం ఉంది. శాలువాలో ఎవరెంత లావున్నా ఎవరూ ఆరా తియ్యరు. శాలువాలో మూడు కాళ్లు అదనంగా ఉంటే మాత్రం ఎవరికి తెలుస్తుంది?

మర్నాడే ఇద్దరూ మెట్రో గల్లీకి వెళ్లారు. అక్కడ కెమెరాల దుకాణాలు ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్నట్టుంటాయి. నసీముద్దీన్ కొట్లో జనం తక్కువగా ఉన్నారని అందులోకి దూరారు.

"ట్రైపాడ్ కావాలి. నాకు కాదు. మా బావమరిదికి," అన్నాడు అఖిల్ బాబు, ఎవరూ అడక్కుండానే.

తనకు అన్నదమ్ములే లేని సులేఖ కిమ్మనకుండా కుర్చీలో కూర్చుంది.

నసీముద్దీన్ ముందుగా సన్నటిదొకటి తీశాడు. "దాదా, పూచికపుల్లంత తేలిక. వేలికి తగిలించుకు పోవచ్చు."

"పూచికపుల్లలాగే ఊగుతుంది," అని అఖిల్ బాబు దాన్ని పూర్తిగా నిలబెట్టి, పైభాగం రెండు వేళ్లతో పట్టుకుని తలుపు గొళ్లెంలా అటూ ఇటూ మెలిపెట్టాడు. కాళ్లు సన్నగా మూలిగాయి. ఎన్నేళ్లుగానో ట్రైపాడ్లను వెక్కిరిస్తూ వచ్చిన మనిషికి వాటి లోపాలన్నీ కంఠతా వచ్చు. కాలు ఎన్ని ముక్కలుగా సాగితే చివరి ముక్క అంత సన్నబడుతుంది. నడిమి కడ్డీ పైకి లాగితే మూడు కాళ్ల మీద కర్ర నిలబెట్టినట్టే, గాలికి అల్లాడుతుంది. తిప్పి బిగించే మరలకు వేళ్లలో పట్టుండాలి. మీటలాగా నొక్కేవైతే వణికే వేళ్లకు కూడా లొంగుతాయి. ఈ చివరిది ఆయన పైకి అనలేదు. "మా బావమరిదికి వేళ్లు మొద్దు," అన్నాడు.

చివరికి లావుపాటి కాళ్లది, తక్కువ ముక్కలది, బురదలో దిగబడకుండా అడుగున ఇనుప ములుకులు బిగించుకునేది ఒకటి నచ్చింది. సులేఖ లేచి, కాళ్ల నడుమనున్న కొక్కేనికి తన సంచీ తగిలించింది. అందులో దారిలో కొన్న క్యాబేజీలు, కొత్త బెల్లం ముద్ద, నీళ్ల సీసా ఉన్నాయి. ట్రైపాడ్ చెక్కుచెదరలేదు.

"బౌదీ, ఏనుగునెక్కించినా మోస్తుంది," అన్నాడు నసీముద్దీన్ సంబరంగా, సులేఖను వదినగారి వరస పెట్టి పిలుస్తూ. "ఇక హెడ్ చూద్దాం. లెన్సు ఎంత బరువు?"

బరువు చెప్పగానే అతను రెండు పిడులు బయటికి పొడుచుకొచ్చిన హెడ్ ఒకటి పెట్టాడు. సులేఖ సంచీలోంచి శాలువా తీసి దాని మీద కప్పింది. పిడులు రెండూ కొమ్ముల్లా లేచాయి.

"ఎద్దులా ఉంది. తీసెయ్యండి," అందామె.

పెద్ద లెన్సులు ఉయ్యాలలా ఊగే హెడ్ పెట్టాడు. శాలువా కప్పితే భుజమ్మీద కావడి మోస్తున్నట్టుంది. అదీ వద్దంది. నసీముద్దీన్ తల గోక్కున్నాడు.

"బౌదీ, శాలువా ఎందుకూ?"

"మా తమ్ముడి ట్రైపాడ్‌కి చలెక్కువ," అంది సులేఖ, కళ్లు కూడా ఆర్పకుండా.

చిట్టచివర గాజు అరలో నిమ్మకాయంత గుండు మీద తిరిగే చిన్న హెడ్ కనిపించింది. పైన శాలువా కప్పితే అచ్చం మనిషి మెడలా ఒద్దికగా ఉంది. అఖిల్ బాబు మురిసిపోయాడు.

"అది చిన్న కెమెరాలకి, దాదా! మీ లెన్సు బరువుకి ఎంత బిగించినా మెల్లమెల్లగా జారుతుంది," అని మొత్తుకున్నాడు నసీముద్దీన్. "కాళ్లు భీముడివి కొని తల గువ్వపిట్టది పెడతారా?"

"కాళ్లు గట్టిగా ఉంటే చాలయ్యా. తల లేకుండా నెట్టుకొచ్చేవాళ్లని మా కమిటీలో ఎంతమందిని చూళ్లేదు!" అని అఖిల్ బాబు అదే కట్టించాడు.

వారం రోజులు మేడ మీద తాళం పెట్టుకుని సాధన చేశాడు. శాలువా కింద ట్రైపాడ్, దాని వెనక తాను. కెమెరాకు చెయ్యి తగలకుండా తీగ చివర బొత్తాం నొక్కడం. పక్కింటి కాకిని అద్దంలో చూసినంత స్పష్టంగా పట్టాడు. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ రాత్రి భోజనంలో రెండో మారు అన్నం వడ్డించుకున్నాడు.

పూర్వస్థలి యాత్ర రానే వచ్చింది. గంగ ఎప్పుడో దారి మార్చుకుని వదిలేసిన వంకర నీటిమడుగు అది. చలికాలమంతా ఉత్తరాది నుంచి వచ్చిన ఎర్రతల బాతులు దాన్ని ఆక్రమించుకుంటాయి. రైల్లో అందరూ మరమరాలు నములుతుంటే, అఖిల్ బాబు ట్రైపాడున్న పొడుగాటి గుడ్డసంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అదేంటోయ్, అఖిల్?" అన్నాడు శీతాంశు, తన ట్రైపాడ్ గడ్డం కింద పెట్టుకుని.

"గొడుగు."

"ఈ కాలంలో గొడుగా?"

"నీ ఉపన్యాసం మొదలైతే తుంపర పడుతుంది కదా!"

రైలుపెట్టె అంతా నవ్వింది. శీతాంశు మాత్రం ఎందుకో జవాబివ్వలేదు. అది ఆయన అలవాటు కాదు. అఖిల్ బాబు కూడా గమనించాడు గాని, తన సంచీ గొడవలో తానున్నాడు.

మడుగు దగ్గర పొగమంచు పెరుగులా గడ్డకట్టి ఉంది. సభ్యులు గట్టు పొడవునా సర్దుకున్నారు. అఖిల్ బాబు అందరికీ దూరంగా రెల్లు పక్కన చోటు చూసుకుని, శాలువా గుడారంలో ట్రైపాడ్ నిలబెట్టాడు. ఇనుప ములుకులు బురదలోకి దిగి కదలమంటే కదలమన్నాయి. దారిన పోయే సభ్యుడొకడు, "చూశారా, ఈ వయసులో కూడా ఉత్త చేతులతో! మహానుభావుడు!" అని పక్కవాడికి చెప్పడం వినబడింది. మహానుభావుడు శాలువాలో నవ్వాపుకోలేక దగ్గాడు.

పొద్దెక్కినా మంచు విడలేదు. బాతులు నడిమడుగులో ముక్కులు రెక్కల్లో దోపుకుని పడుకున్నాయి. వెనక గట్టు దిగువన టీ కొట్టు పొయ్యి వాసన వచ్చింది. ఇక ఉండలేక, కెమెరా మంచుకు తడవకుండా తన కోతిటోపీ తీసి దానికి తొడిగాడు. మొహం ఉండాల్సిన చోట నుంచి లెన్సు తొంగి చూసింది. హెడ్ మర బిగించి, శాలువా ఉన్నదున్నట్టే వదిలి, వెనకనించి మెల్లగా జారుకున్నాడు.

కొట్లో ఎప్పటిలాగే రెండు మట్టిముంతల టీ తీసుకున్నాడు. ఒక్కటే తీసుకుంటే నోటిదాకా వచ్చేసరికి సగమే మిగులుతుంది. రెండిట్లో మిగిలింది కలిపితే ఒకటవుతుంది. ఇది సులేఖకు కూడా తెలియని లెక్క.

రెండు ముంతలూ పట్టుకుని గట్టెక్కేసరికి కాళ్లు ఆగిపోయాయి. శాలువా పక్కన శీతాంశు తన ట్రైపాడ్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. శాలువాతో మాట్లాడుతున్నాడు.

"ఇటు తిరగకు, అఖిల్. నీ మొహం చూస్తే చెప్పలేను. రైల్లోనే చెబుదామనుకున్నా. నీ చెయ్యి వణుకుతోందని నాకు తెలుసు. నిరుటి నుంచీ తెలుసు. టీ కొట్టులో నువ్వు రెండేసి ముంతలు ఎందుకు తీసుకుంటావో మాకు తెలీదనుకున్నావా? ఎవరూ అనలేదంతే."

అఖిల్ బాబు తన చేతుల్లోని రెండు ముంతల వంకా చూసుకున్నాడు.

"ఈసారి కూడా నీ బొమ్మ రాకపోతే నిన్ను సలహాదారుని చేసి తీరాలని కమిటీలో పట్టుబట్టింది నేనే," అన్నాడు శీతాంశు. "కసి అనుకుంటావని తెలుసు. కసి కూడా కొంచెం ఉందిలే. ముక్కాలి పీట, ముక్కాలి పీట అని నువ్వు తిన్న నా ప్రాణం తక్కువేం కాదు. కానీ అసలు సంగతి అది కాదోయ్. నా మోకాళ్లు పోయాయి. కాళీపూజ అప్పట్నించి ఇంట్లో కర్ర పట్టుకునే నడుస్తున్నా. బయటికి తెస్తే పరువు పోతుందని ఈ ట్రైపాడ్ ఊతంగా పట్టుకొస్తున్నా. దీని మీద కెమెరా పెట్టి ఎన్నాళ్లయిందో! పెడితే నేనెక్కడ ఆనుకోను? ఇక నా వల్ల కాదు. కానీ ఒక్కణ్ణే ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఏడుపొస్తోంది. నువ్వు ముందు కూర్చుంటే పక్కన నేనూ కూర్చుంటా. రోజూ తగువాడుకోవచ్చు. అదీ నా స్వార్థం."

శాలువా ఏమీ అనలేదు. సరిగ్గా ఆ క్షణానే, నసీముద్దీన్ చెప్పినట్టే, లెన్సు బరువుకు నిమ్మకాయంత గుండు జారడం మొదలుపెట్టింది. కోతిటోపీ మెల్లమెల్లగా, ఎంతో బాధగా, ముందుకు వాలింది.

శీతాంశు కంగారుపడ్డాడు. "ఛ, ఛ! తల దించుకుంటావేమిటోయ్! నువ్వు నా ముందు తల దించుకోవడమేంటి? ఎన్నడైనా దించావా? ఎత్తు! నాలుగు తిట్లు తిట్టు! నువ్విలా మాట్లాడకుండా ఉంటే నాకు భయమేస్తోంది!"

టోపీ ఇంకా వాలింది. గడ్డం రొమ్ముకు ఆనింది. శీతాంశు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అఖిల్ బాబుకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేలనే లేదు. వేడి టీ తొణికి చేతి మీద పడింది. "అబ్బా!" అన్నాడు.

శీతాంశు వెనక్కి తిరిగాడు. ఒక అఖిల్ ముందు తల వంచుకుని ఉన్నాడు. ఇంకో అఖిల్ వెనక టీ పట్టుకుని ఉన్నాడు. రసాయనశాస్త్రంలో దీనికి జవాబు లేదు. "బాబోయ్!" అని మడుగు దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టి, తన ట్రైపాడ్ వదిలేసి, ముందున్న అఖిల్‌ను వాటేసుకున్నాడు. శాలువా జారి కింద పడింది. భీముడి కాళ్లు మాత్రం అంగుళం కదల్లేదు. లేకపోతే ఆయన నేరుగా నీళ్లలో తేలేవాడు.

ఇనుప ట్రైపాడ్‌నూ, దాని నెత్తిన కోతిటోపీనీ శీతాంశు పైనించి కిందికి చూశాడు. "ట్రైపాడ్! నీకు ట్రైపాడ్!" అన్నాడు, గాలి చాలక.

ఆయన ఇంకా చాలా అనేవాడే. కానీ ఆ కేకకు నడిమడుగులోని బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. అప్పుడే మంచు చిరిగి ఎండ పడింది. ఎర్రటి తలలు, తెల్లటి రెక్కలు, కింద పగిలిన అద్దంలాంటి నీళ్లు.

అఖిల్ బాబు ముంతలు పారేసి కెమెరా మీదికి దూకాడు. టోపీ పీకి లెన్సు ఎత్తాడు. వదిలితే వాలింది. మర బిగించాడు. మళ్లీ వాలింది. "తల నిలవడం లేదు! శీతాంశూ, దరిద్రపు తల నిలవడం లేదు!" అని దాదాపు ఏడ్చాడు.

"నేను పట్టుకుంటా, నువ్వు నొక్కు!" అన్నాడు శీతాంశు. పొట్టను ట్రైపాడ్ కాళ్లకు ఆనించి, లెన్సును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇన్నేళ్లూ గాజుగొట్టాల్లో చుక్కలు చుక్కలుగా పోసిన చేతులు అవి. మోకాళ్లు పోయాయి గాని చేతులు రాయిలా ఉన్నాయి. "ఎడమకి జరపనా?"

"కొంచెం! ఆఁ! పైకి! ఊపిరి బిగబట్టు!"

"నీ వెక్కిరింతలు విన్నప్పట్నించీ బిగబట్టే ఉన్నా! నొక్కరా బాబూ!"

అఖిల్ బాబు తీగ చివర బొత్తాం నొక్కాడు. బాతులు అవతలి గట్టు దాటేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత ఇద్దరూ బురదలో పరిచిన శాలువా మీద కూర్చుని కడుపులు పట్టుకుని నవ్వారు. మిగతా సభ్యులు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "అఖిల్‌కి ఇంకో మూడు కాళ్లు మొలిచాయి," అన్నాడు శీతాంశు. "ఇతగాడికి మొలిచి చాలా రోజులైంది," అన్నాడు అఖిల్ బాబు. అంతకుమించి ఒకరి గుట్టు ఒకరు చెప్పలేదు.

ప్రదర్శన రోజున ఆ బొమ్మ గోడ నడిమధ్యన ఉంది. శీతాంశు ఈసారి చేతికర్రతోనే వచ్చాడు, వెండిపొన్ను వేయించి మరీ. సలహాదారు ఊసు కమిటీలో మళ్లీ రాలేదు.

బొమ్మ కింద కాగితం నింపేటప్పుడు, ఈ రెండేళ్లూ ఏ చిన్న రాతకైనా సులేఖ చేతికి కలమిచ్చే అఖిల్ బాబు ఆ వేళ తానే పట్టుకున్నాడు. చుట్టూ అందరూ ఉన్నారు. వేళ్లు వణికాయి. అక్షరాలు ఏటవాలుగా, గతుకుల రోడ్డు మీద రాసినట్టు వచ్చాయి. ఆయన దాచలేదు. కెమెరా దేని మీద నిలిపారన్న చోట, "శీతాంశు బాగ్చీ చేతుల మీద" అని రాసి, కింద గీత గీశాడు. గీత కూడా వంకరే పోయింది.

శీతాంశు అది చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు.

సులేఖ ముందుకొచ్చి కాగితం పైనించి కిందిదాకా చదివింది. "అంతా బాగానే ఉంది గాని, బురదలో పరుచుకుని కూర్చున్న నా శాలువా సంగతి ఎక్కడ రాశారు?" అంది.